అడ్వాన్సు ఇచ్చే ముందు

కాశీ, గయ, చార్‌ధామ్, ముక్తినాథ్, కైలాస మానససరోవరం. బందరు రోడ్డు మీద కంకిపాడు నుంచి పామర్రు దాకా ఏ ఊరి సెంటర్లో దిగినా ఈ పేర్లతో ఒక ఫ్లెక్సీ కనిపిస్తుంది. కింద ఫోన్ నంబరు, పక్కన ‘మన భోజనం’ అన్న హామీ. డబ్బు ముందు కట్టాలి, ఏం కొన్నామో తరవాత తెలుస్తుంది. కాశీకైతే మళ్లీ వెళ్లొచ్చు. కైలాసానికి మన ఊళ్లవాళ్లు జన్మలో ఒక్కసారి వెళ్తారు. అందుకే మొదటిసారి మోసపోయినవాళ్లకు రెండోసారి జాగ్రత్త పడే అవకాశం ఉండదు.

ఈ సంవాదంలో ఇద్దరే ఉన్నారు. ఒకాయన ఉయ్యూరు రైతు. కేసీపీ ఫ్యాక్టరీకి చాలా ఏళ్లు చెరుకు తోలినవాడు, ఊళ్లో నలుగురికీ కావలసినవాడు. రెండో మనిషి ఆయన మేనకోడలు. విజయవాడలో వినియోగదారుల కేసులు చూసే లాయరు. ఆవిడ తల్లి, అంటే ఈయన అక్కగారు, కైలాసం వెళ్తానని పట్టుబట్టారు. ఆవిడకి అరవై ఆరేళ్లు. పక్క ఊరి యాత్రల ఆయనకు లక్ష రూపాయలు అడ్వాన్సు ఇవ్వాలి. ఇవ్వచ్చని తమ్ముడు, ఇప్పుడే వద్దని కూతురు. నా మొగ్గు ఎటో చదువుతుంటే తెలిసిపోతుంది. అయినా మావయ్య మాటల్లో కొట్టిపారేయలేనివి ఉన్నాయి కాబట్టే ఇది రాస్తున్నాను.

మావయ్య: చూడమ్మాయ్, ఆ మనిషి నాకు ఇవాళ కొత్త కాదు. వాళ్ల నాన్న మా పొలం పక్క పొలం చేశాడు. 2023లో గంగా పుష్కరాలకి కాశీలో కాలు పెట్టడానికి చోటు లేదు. ఏప్రిల్ ఎండ. మన తెలుగువాళ్లతో ఆంధ్రాశ్రమం కిటకిటలాడుతోంది. అంతమందిలో బస్సెడు జనాన్ని తీసుకెళ్లి, స్నానాలు చేయించి, ఒక్కరు తప్పిపోకుండా తీసుకొచ్చాడు. ముసలాళ్లకి గదులిచ్చి తను బస్సులో పడుకున్నాడు. ఇంతకంటే నిజాయితీ ఏం కావాలి?

మేనకోడలు: ఆ మాట నేను కాదనను మావయ్యా. అతను మంచివాడే. కాశీ బస్సులో డ్రైవరు అతని మనిషి, వంటవాడు అతని మనిషి, బియ్యం, గ్యాసు, పప్పు అన్నీ ఇక్కణ్నించి ఎక్కించుకున్నవే. అన్నీ తన చేతిలో ఉన్నాయి కాబట్టి అతని మంచితనం పనిచేసింది. కైలాసంలో అతని చేతిలో ఏముందో చెప్పు. విజయవాడలో ఒక ఏజెన్సీకి మనిషికింతని కట్టేస్తాడు. వాళ్లు కాఠ్‌మాండూలో ఒక కంపెనీకి అప్పగిస్తారు. టిబెట్‌లోకి మనంతట మనం వెళ్లలేం. అక్కడి ఏజెన్సీ పర్మిట్ తీయాలి, అక్కడి గైడు, అక్కడి బస్సు. అమ్మ ఇచ్చే డబ్బు ఇన్ని చేతులు మారుతుంది. మొదటి చెయ్యి ఒక్కటే నీకు తెలిసింది.

మావయ్య: తెలిసిన చెయ్యి ఒకటైనా ఉంది కదా. నువ్వు చెప్పే పెద్ద కంపెనీలో అదీ ఉండదు. ఫోను చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటారు.

మేనకోడలు: పెద్ద కంపెనీకి కట్టమని నేను అన్లేదు. తెలిసినవాడు తెలియనివాళ్ల గురించి మనకేం చెప్పాడు అని అడుగుతున్నా. కాఠ్‌మాండూ కంపెనీ పేరేంటి? ఆ పాంప్లెట్‌లో ఎక్కడుంది? హోటల్ పేర్లు లేవు, హెలికాప్టరు కంపెనీ లేదు. ‘అన్నీ మేమే చూసుకుంటాం’ అని ఉంది. చూసుకునేది అతను కాదు మావయ్యా. అతను అప్పగించేవాడు. అప్పగించడం తప్పేం కాదు. అది మనకి చెప్పకపోవడమే తప్పు.

మావయ్య: చెబితే మనకేం అర్థమవుతుంది? అక్కకి కాఠ్‌మాండూ కంపెనీ పేరు తెలిస్తే ఏంటి, తెలియకపోతే ఏంటి?

మేనకోడలు: 2018 జూలై మొదటివారం గుర్తు చేస్తా, అప్పుడు చెప్పు. నేపాల్‌గంజ్ నుంచి సిమికోట్‌కి చిన్న విమానం, అక్కణ్నించి హిల్సాకి హెలికాప్టరు, హిల్సా దాటితే టిబెట్. వానలకి, మబ్బులకి అవన్నీ ఆగిపోయాయి. సిమికోట్‌కి అప్పుడు రోడ్డు లేదు. మన విదేశాంగ శాఖ చెప్పిన లెక్కే, ఇరుక్కుపోయినవాళ్లు సిమికోట్‌లో 525 మంది, హిల్సాలో 550 మంది, టిబెట్ వైపు ఇంకో 500 పైగా. అందులో మన రెండు రాష్ట్రాలవాళ్లు కూడా ఉన్నారు. కాఠ్‌మాండూలో మన రాయబార కార్యాలయం తెలుగు మాట్లాడేవాళ్లతో ఫోను లైను పెట్టాల్సి వచ్చింది.

మావయ్య: వాన కురవడం కూడా టూర్లాయన తప్పేనా?

మేనకోడలు: వాన తప్పు కాదు. వాన కురిసినప్పుడు ఏం చేస్తాడో ముందే చెప్పకపోవడం తప్పు. అప్పుడు రాయబార కార్యాలయం టూరు ఆపరేటర్లని ఒకటి కోరింది. యాత్రికుల్ని వీలైనంతవరకు టిబెట్ వైపే ఆపండి, అక్కడ వైద్యం, వసతి నయం, నేపాల్ వైపు అంతమందికి చాలవు అని. ఆ మాట ఎందుకు చెప్పాల్సొచ్చిందో ఆలోచించు. టిబెట్‌లో ఒక రాత్రి ఎక్కువ ఆపితే హోటలు, భోజనం ఖర్చు మీద పడుతుంది. హిల్సాకి దింపేస్తే ఆ ఖర్చు తప్పుతుంది. అవతల హెలికాప్టరు రాకపోతే అది వాన ఖాతాలోకి పోతుంది. కాబట్టి నేను అడిగేది ఒక్కటే. దారి మూసుకుంటే ఆ అదనపు రాత్రుల డబ్బు ఎవరిది? అతనిదా, మనదా? మనదే అన్నా నాకు అభ్యంతరం లేదు. ముందు చెప్పాలి. మన పాంప్లెట్‌లో వాన అన్న మాటే లేదు. యాత్ర జూలైలో!

మావయ్య కొంచెంసేపు మాట్లాడలేదు. ఓడిపోయినందుకు కాదు ఆ మౌనం. ఆయనకి వేరే సంగతి తోచింది. ఆయన వాదం అసలు బలం ఇక్కణ్నించే మొదలవుతుంది.

మావయ్య: సరే, రాసిచ్చాడే అనుకుందాం. అదనపు రాత్రుల ఖర్చు నాదీ అని స్టాంపు పేపరు మీద సంతకం పెట్టాడు. హిల్సాలో జనం ఇరుక్కుపోయినప్పుడు కాగితం ఉన్నవాళ్లని ముందు హెలికాప్టరు ఎక్కించారా? కాగితం పట్టుకుని రెండేళ్లు వినియోగదారుల కమిషన్ చుట్టూ తిరిగేది నువ్వు. ఆ చలిలో వణికేది మీ అమ్మ. ఆ రోజు ఆవిడకి కావాల్సింది సంతకం కాదు, ‘అక్కా, దిగులుపడకు, నేనున్నా’ అని పక్కన కూర్చునేవాడు. కాశీలో బస్సులో పడుకున్నవాడు అక్కడా పడుకుంటాడని నేను నమ్ముతున్నా. నువ్వు నమ్మేది మాటకి విలువ లేని రోజుల లెక్క. నాది మనిషి లెక్క.

మేనకోడలు: నువ్వన్నది నిజమే. కాగితం చలి ఆపదు. కానీ మావయ్యా, అతను వస్తున్నాడా?

మావయ్య: రాకేం?

మేనకోడలు: అడిగావా? కాఠ్‌మాండూ దాకా వస్తాడా, హిల్సా దాకా వస్తాడా, పరిక్రమ దాకానా? చైనా వాళ్లిచ్చేది గ్రూపు వీసా. అందరి పేర్లూ ఒకే కాగితం మీద ఉంటాయి. అందులో అతని పేరు ఉంటే టిబెట్‌లోకి వస్తాడు, లేకపోతే రాడు. అతని సీటుకి కూడా లక్షలు ఖర్చవుతాయి కదా. చాలామంది కాఠ్‌మాండూలో పశుపతినాథ్ దర్శనం చేయించి, జనాన్ని అక్కడి గైడుకి అప్పగించి, జనం తిరిగొచ్చాక మళ్లీ కలుస్తారు. అది మోసం అనను. నువ్వు నమ్ముకున్న ‘నేనున్నా’ అనే మనిషి మాత్రం అక్కడ ఉండడు.

మావయ్య: అది అడగలేదు.

మేనకోడలు: మనం ఎవరం అడగం. తెలిసినవాణ్ని అడిగితే అనుమానించినట్టని మొహమాటం.

మావయ్య: మొహమాటం కాదమ్మా. నమ్మకమనేది అడిగితే పలచబడుతుంది. అయినా ప్రభుత్వం నడిపే యాత్ర ఉంది కదా, కాగితాలకి కొదవ లేదు. 1998లో మాల్పా దగ్గర కొండ విరిగిపడి అరవైమంది యాత్రికులు పోయారు. నాట్యం చేసే ప్రొతిమా బేడీ కూడా పోయింది. వాళ్లంతా ప్రభుత్వం పంపిన జట్టే. కాగితాలు ఏం చేశాయి?

మేనకోడలు: కొండని ఎవరూ ఆపలేరు. కానీ ఆ ప్రభుత్వ యాత్రలోనే నువ్వు చూడాల్సింది ఇంకోటుంది. డెబ్బై దాటితే తీసుకోరు. ఒళ్లు ఎక్కువుంటే తీసుకోరు. ఢిల్లీలో డాక్టర్లు పరీక్షిస్తారు. లిపులేఖ్ దారిలో వెళ్లేవాళ్లని గుంజిలో మళ్లీ సరిహద్దు కాసే ఐటీబీపీ డాక్టర్లు చూస్తారు. అంత దూరం వచ్చాక కూడా ‘మీరు వద్దు, వెనక్కి వెళ్లండి’ అంటారు. కోవిడ్ వల్ల మూతబడి 2025లో మళ్లీ తెరిచినప్పుడు మొత్తం 750 మందికే చోటు, అదీ లాటరీలో. అక్కడ ‘వద్దు’ అనే మాట ఉంది. మన టూర్లాయన ఇప్పటిదాకా ఎవరినైనా వద్దన్నాడా?

మావయ్య: వచ్చిన బేరాన్ని ఎవరు వద్దంటారు?

మేనకోడలు: నేను అతని నిజాయితీని కొలిచేది అక్కడే. అమ్మకి బీపీ ఉంది. మోకాళ్లు సరిగా లేవు. మనది డెల్టా, సముద్రమట్టానికి కాస్త పైన. నేపాల్‌గంజ్ కూడా పల్లమే. అక్కడ ఎక్కి సిమికోట్‌లో దిగితే సుమారు 2,900 మీటర్లు. హెలికాప్టరెక్కి హిల్సాలో దిగితే 3,600 పైన. అదే రోజు టిబెట్ వైపు తక్లాకోట్ చేరితే 4,000 దరిదాపులు. మానససరోవరం 4,590. పరిక్రమలో డోల్మా కనుమ 5,630. ఒంటికి గాలి పలచన అలవాటు కావాలంటే రోజులు పట్టాలి. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకి అయిదొందల మీటర్ల కంటే పెరగకూడదనీ, మూడు నాలుగు రోజులకోసారి ఒకరోజు ఆగాలనీ కొండల వైద్యం తెలిసినవాళ్లు చెబుతారు. మన పాంప్లెట్ ఏమంటోంది? ‘కేవలం పది రోజుల్లో!’ ఆ ఆశ్చర్యార్థకం చూస్తే నాకు భయం వేసింది. ఆ రోజులు ఎక్కడ తగ్గించారనుకున్నావు? కాఠ్‌మాండూ గుళ్లలో తగ్గించలేదు. అలవాటు పడాల్సిన రోజులే తగ్గించారు. హోటల్ రాత్రులు తగ్గితే రేటు తగ్గుతుంది, రేటు తగ్గితే జనం వస్తారు.

మావయ్య: పక్క ఊళ్లో ఇంకొకడు ఎనిమిది రోజులకే తీసుకెళ్తానంటున్నాడు.

మేనకోడలు: అందుకే ఇతను పదికి వచ్చాడు. పన్నెండు, పధ్నాలుగు అనేవాడి దగ్గరికి మనం పోం. పైగా, ‘అమ్మా, మీరు పరిక్రమ చెయ్యలేకపోవచ్చు, సరస్సు దగ్గర స్నానం చేసి, పరిక్రమ మొదలయ్యే యమద్వారం దాకా వెళ్లి దణ్ణం పెట్టుకుని రండి, అది చాలు’ అని చెప్పేవాడు కావాలి. ఇతను పరిక్రమ గ్యారంటీ అన్నాడట. 5,630 మీటర్ల మీద గ్యారంటీ ఇచ్చేవాడిని చూస్తే నాకు నమ్మకం పోతుంది. గుర్రానికీ, పోర్టరుకీ అక్కడ విడిగా కట్టాలని కూడా అతను చెప్పలేదు. అది నాకు వేరేవాళ్లు చెప్పారు.

ఇక్కడ నా మాట ఒకటి. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, దారి పొడుగునా ఏ మజిలీలో నీళ్లున్నాయో, ఏ ఊళ్లో సామాను దొరుకుతుందో, ఎక్కడ దొరకదో రాసి పెట్టాడు. తరవాత వచ్చేవాళ్లకి ఆ దొరకనివాటి సంగతే ఎక్కువ పనికొచ్చి ఉంటుందని నా నమ్మకం. మన ఫ్లెక్సీల మీద మాత్రం దొరికేవే ఉంటాయి.

మావయ్య: ఇన్ని చెబుతున్నావు, మంచి ఆపరేటరుని ఎలా పట్టుకోవాలో చెప్పు. అతనితో వెళ్లొచ్చినవాళ్ల సంగతి అతన్నే అడిగా. నలుగురి నంబర్లిచ్చాడు. నలుగురూ బ్రహ్మాండం అన్నారు.

మేనకోడలు: అతను ఇచ్చిన నంబర్లే కదా. బాగాలేదన్నవాళ్ల నంబరు అతనెందుకిస్తాడు? ఇది మన ఊళ్లోనే కాదు, ప్రపంచమంతా ఉన్న జబ్బు. ఆఫ్రికాలో డబ్బు కట్టి వేటకెళ్లేవాళ్లుంటారు. నాకు ఆ వేట నచ్చదు, మన దేశంలో చట్టం వచ్చి అది పోవడం మంచిదే అయింది. కానీ అక్కడి బేరం అచ్చం మన బేరమే. దూరదేశం. డబ్బు ముందే. ఒక్కసారి వెళ్లేది. అమ్మేవాడొకడు, అడవిలోకి తీసుకెళ్లేవాడొకడు. రోజుకింత అని ఒక రేటు, జంతువుకింత అని ఇంకో రేటు. ఆ వ్యాపారంలో తెలివైనవాళ్లు కంపెనీని ఏమడగాలి? వేటాడి తెచ్చినవాళ్ల నంబర్లు కాదు, ఏమీ దొరక్క ఖాళీ చేతుల్తో తిరిగొచ్చినవాళ్ల నంబర్లు ఇమ్మనాలి. ఖాళీగా వచ్చినవాడు కూడా ‘ఆ కంపెనీ నన్ను మోసం చెయ్యలేదు’ అంటే, ఆ మాట నలుగురు సంతోషంగా చెప్పినదానికంటే బరువు.

మావయ్య: అంటే?

మేనకోడలు: పరిక్రమ చెయ్యలేక దాని మొదటి మజిలీ డేరాపుక్ నుంచో, జబ్బు చేసి తక్లాకోట్ నుంచో వెనక్కొచ్చినవాళ్ల నంబరు ఒకటిమ్మను. ఇన్నేళ్లు నడిపాడు కదా, అలాంటివాళ్లు లేకుండా ఉండరు. వాళ్లని రెండే అడుగుదాం. మీ పక్కన ఎవరున్నారు? తిరిగొచ్చాక డబ్బు విషయంలో ఎలా మాట్లాడాడు? ‘అలాంటివాళ్లు మా దగ్గర లేరండీ’ అంటే మాత్రం నేను ఆపేస్తా.

మావయ్య: ఆ వేటవాళ్ల కథ చెప్పావు గానీ, సింహాన్ని చంపి గొడవైంది ఒకటుంది కదా, టీవీలో చూపించారు.

మేనకోడలు: 2015లో. జింబాబ్వేలో సెసిల్ అనే సింహం. చంపింది అమెరికా పళ్ల డాక్టరు, వాల్టర్ పామర్. హ్వాంగే పార్కు బయట. ప్రపంచం మొత్తం తిట్టింది. అప్పుడతనన్న మాట ఏంటంటే, అంతా చట్టబద్ధమేనని నేను నా గైడ్లనే నమ్ముకున్నాను అని. అతని మీద కేసు పెట్టలేదు, కాగితాలు సరిగ్గానే ఉన్నాయని అక్కడి ప్రభుత్వమే చెప్పింది. గైడు మీద పెట్టిన కేసు కూడా కోర్టులో నిలబడలేదు. కానీ ఆ మాట చూడు, ‘నమ్ముకున్నాను’. అడగాల్సిన ప్రశ్న అడగనివాళ్లు తరవాత చెప్పుకునేది అదొక్కటే. రేపు అమ్మకేమన్నా అయితే నువ్వూ నేనూ అదే అంటాం. నాకు ఆ మాట అనాలని లేదు.

మావయ్య: అయితే అన్నీ రాయించుకుని, రసీదు తీసుకుని వెళ్లమంటావు. రసీదుతో వెళ్లినవాళ్లు మాత్రం? మొన్న 2025 సెప్టెంబరులో నేపాల్లో కుర్రాళ్ల గొడవలయ్యాయి. ప్రభుత్వం పడిపోయింది, విమానాశ్రయం మూసేశారు. మన తెలుగు యాత్రికులు ఇరుక్కుంటే ఏ ఏజెంటు తెచ్చాడు? మన ప్రభుత్వం అమరావతిలో ఫోన్లు పెట్టి, ప్రత్యేక విమానంలో విశాఖకీ, తిరుపతికీ దింపింది. ఏజెంటూ తేలేదు, నీ కాగితమూ తేలేదు.

మేనకోడలు: ప్రభుత్వం తెచ్చింది, అది మంచి పని. కానీ ప్రభుత్వం వెతకాలంటే ఎవరు ఏ హోటల్లో ఉన్నారో తెలియాలి కదా. జాబితా, పాస్‌పోర్టు నంబర్లు, అక్కడ ఫోనెత్తే మనిషి. అవి నిమిషాల్లో ఇవ్వగలిగే ఆపరేటరుకీ, ‘కాఠ్‌మాండూ వాళ్లనడిగి చెబుతా’ అనేవాడికీ ఎంత తేడా! ఇంకొకటి. మన దేశంలో గల్ఫుకి పనివాళ్లని పంపే ఏజెంటుకి 1983 చట్టం ప్రకారం రిజిస్ట్రేషను తప్పనిసరి. యాత్రలకి తీసుకెళ్లేవాడికి దేశం మొత్తానికి అలాంటి చట్టం లేదు. కేంద్ర పర్యాటక శాఖ గుర్తింపు ఉంది, అది ఇష్టమైతేనే. ఎవరైనా ఫ్లెక్సీ కట్టొచ్చు. కాబట్టి మనకున్నవి చిన్న చిన్న ఆనవాళ్లే. డబ్బు నగదుగా అడిగాడు కదా?

మావయ్య: అవును, రేటు తగ్గుతుందన్నాడు.

మేనకోడలు: 2020 అక్టోబరు నుంచి విదేశీ యాత్ర ప్యాకేజీ అమ్మేవాడు మన దగ్గర టీసీఎస్ అనే పన్ను వసూలు చేసి మన పాన్ మీద కట్టాలి. అది తరవాత మన ఖాతాలో కనిపిస్తుంది, రిటర్ను వేస్తే సర్దుబాటు అవుతుంది. నగదు తీసుకుని పాన్ అడగలేదంటే, అమ్మ ఫలానా యాత్రకి డబ్బు కట్టిందని లోకంలో ఎక్కడా రికార్డు ఉండదు. అతను మోసగాడని కాదు. ఎవరైనా మధ్యలో డబ్బెగ్గొడితే అతను కూడా మనతో పాటు ఏడవాల్సిందే. బ్యాంకు ద్వారా కట్టి, బిల్లు తీసుకుంటే 2019 వినియోగదారుల చట్టం కింద మనం ఉన్న జిల్లాలోనే కమిషన్‌కి వెళ్లొచ్చు. అయిదు లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. రెండేళ్లు గడువు. నువ్వు చెరుకు తోలిన రోజుల్లో కాటా దగ్గర ఏం చేసేవాడివి? కాటా వేసేవాడు మన ఊరివాడే అయినా ముల్లు చూడకుండా బండి కదలనిచ్చేవాడివా?

మావయ్య: చూసేవాణ్ని. కానీ కాటా వేసేవాడితో మాట మాత్రం చెడగొట్టుకునేవాణ్ని కాదు. నువ్వు అడిగే తీరులో మాట చెడుతుంది.

మేనకోడలు: మాట చెడకుండానే ఇన్సూరెన్సు సంగతి కూడా అడగాలి. ఎంత ఎత్తు దాకా వర్తిస్తుంది, హెలికాప్టరు ఖర్చు ఇస్తుందా అని. ఆ 2018లోనే నేపాల్లో ఇంకో దొంగతనం బయటపడింది. కొండెక్కేవాళ్లకి కొంచెం తలనొప్పి వస్తే చాలు, భయపెట్టి హెలికాప్టరెక్కించి, ఇన్సూరెన్సు కంపెనీల దగ్గర లక్షలు గుంజడం. గైడ్లకి కమీషన్లు. నేపాల్ ప్రభుత్వమే విచారణ జరిపించింది. కాబట్టి అక్కడ ‘దిగండి’ అన్నవాడూ నమ్మదగినవాడేనా అనేది ఇంకో చిక్కు. అందుకే ఎవరి జీతం ఎవరిస్తున్నారో నాకు తెలియాలి.

మావయ్య: అమ్మాయ్, నువ్వు చెప్పినవన్నీ సబబుగానే ఉన్నాయి. ఒక్కటి మాత్రం నేను ఒప్పుకోను. నీ లెక్కలో మంచివాడూ చెడ్డవాడూ ఒకే ప్రశ్నలకి జవాబు చెప్పాలి. చెడ్డవాడికి జవాబులు బాగా వస్తాయి. ఇంగ్లీషులో అచ్చేసిన ఒప్పందం, హోటల్ పేర్లు, జీఎస్టీ నంబరు, అన్నీ ఉంటాయి. మనవాడికి అవి రావు. పదో తరగతి దాటలేదు. నీ పరీక్షలో వాడు తప్పుతాడు, మోసగాడు నెగ్గుతాడు.

ఇది ఈ సంవాదంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసిన మాట. మేనకోడలు కూడా వెంటనే జవాబు చెప్పలేదు.

మేనకోడలు: కాగితం వరకే చూస్తే నువ్వన్నట్టే అవుతుంది. అందుకే నేను కాగితం కంటే ముందు, అతనికి నష్టం వచ్చే మాట ఏదైనా అతని నోటి వెంట వస్తుందా అని చూస్తా. ‘జూలైలో వద్దమ్మా, వానలు, మే నెలాఖరులో రండి.’ ‘మీ అమ్మగారిని డాక్టరుకి చూపించి ఆయన సరేనంటేనే అడ్వాన్సు తీసుకుంటా.’ ‘హిల్సా అవతల నాకు తెలిసినవాళ్లు లేరు, కాఠ్‌మాండూ కంపెనీ వాళ్లదే బాధ్యత, వాళ్ల పేరు ఇదీ.’ ఇవి చెప్పడానికి పదో తరగతి కూడా అక్కర్లేదు. మోసగాడికి ఇంగ్లీషు ఒప్పందం రాయడం వస్తుంది గానీ, బేరం పోయే మాట నోటికి రాదు.

మావయ్య: మనవాడు ఆ మాట అంటాడు. అడిగితే అంటాడు.

మేనకోడలు: అడగకుండా అనుండాల్సింది.

మావయ్య: అదీ నిజమే. కానీ మన జనం సంగతి నీకు తెలియదు. ఇలాంటివి ముందు చెబితే, ‘వీడికి చేతకాదు’ అని రెండోవాడి దగ్గరికి పోతారు. వాడు నోరు మూసుకోవడం మనం నేర్పిందే.

మేనకోడలు: అయితే మనమే మొదలుపెడదాం. అతను రేటు పెంచినా ఫరవాలేదు, పది రోజులు పదమూడు చెయ్యమను. డబ్బు బ్యాంకులో వేస్తాం. లక్ష కాదు, వీసాకి పేరిచ్చే దాకా ముప్పై వేలు. అమ్మని ముందు గుండె డాక్టరుకి చూపిద్దాం. ఆయన వద్దంటే ముక్తినాథ్ కూడా వద్దు, అప్పుడు కాశీ వెళ్దాం, నువ్వన్న బస్సులోనే.

మావయ్య: మరి ఆ గ్రూపు వీసాలో అతని పేరు ఉంటుందా లేదా అన్నది?

మేనకోడలు: అది అన్నిటికంటే ముందు. నువ్వు నమ్మేది అతన్ని కాబట్టి అతను రావాలి. టిబెట్ లోపలికి, పరిక్రమ మొదలయ్యే చోటు దాకా. అతని సీటు ఖర్చు మన టిక్కెట్లలో కలిపినా నేను అభ్యంతరపెట్టను. వస్తానని రాసివ్వాలి, అంతే.

మావయ్య: ఆ సంగతి నేను అడుగుతా. నువ్వు పక్కన ఉండకు. లాయరు అడిగితే కేసు వేస్తారేమోనని భయపడి ఏదో ఒకటి ఒప్పుకుంటాడు. నేనడిగితే నిజం చెబుతాడు.

మేనకోడలు: వెనక్కొచ్చినవాళ్ల నంబరు కూడా నువ్వే అడుగు. ఫోను మాత్రం నేను చేస్తా.